జంక్షన్‌లో దిగేవాళ్ళు

మైకు నాకు కొత్త కాదు. కాకపోతే ఇన్నేళ్ళూ నేను మాట్లాడిన మైకులో గరగర ఎక్కువ. వినేవాళ్ళ చేతుల్లో సంచులుండేవి, చంకన పిల్లలుండేవాళ్ళు. వాక్యం కాస్త పొడుగైతే వాళ్ళకు బస్సు తప్పిపోయేది. ఆర్టీసీలో కండక్టరుగా చేరి, చివర్లో బస్టాండు కంట్రోలరుగా కూర్చుని రిటైరైనవాణ్ణి. "గుడివాడ వెళ్ళు పల్లెవెలుగు బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" లాంటి మాటలే గానీ పెద్ద ప్రసంగాలు ఎరగను. రోజువారీ బతుకు గురించి, వ్యాపకాల గురించి, లోకం పోకడ గురించి మీకు తోచింది చెప్పండి అన్నారు నన్ను పిలిచినవాళ్ళు. ఈ మూడూ నాకు ఒక్క చోటే కనిపిస్తాయి, బస్టాండులో. కాబట్టి అక్కణ్ణించే మాట్లాడతాను.

మాది బాపులపాడు. పేరు చెబితే పక్క జిల్లావాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. హనుమాన్ జంక్షన్ అనండి, రాష్ట్రంలో ఎవరైనా తల ఊపుతారు. నాలుగు రోడ్ల కూడలిలో ఆంజనేయస్వామి గుడి ఉంది, ఆ గుడి పేరే కూడలికి, కూడలి పేరే ఊరికి వచ్చాయి. మండలం మాత్రం కాగితాల మీద బాపులపాడు మండలమే. 2001లో హనుమాన్ జంక్షన్ అని ఒక సినిమా వచ్చింది, అప్పటినుంచి మా ఊరు తెలియదనేవాళ్ళు మరీ తగ్గిపోయారు. రైల్వేవాళ్ళది ఇంకో లెక్క. మా దగ్గరున్న స్టేషనుకు వాళ్ళు నూజివీడు అని పేరు పెట్టారు. నూజివీడు ఊరేమో ఇక్కడికి పదిహేను కిలోమీటర్లకు పైనే. 2008లో నూజివీడులో ట్రిపుల్ ఐటీ పెట్టాక ఈ పేరు మహిమ నాకు బాగా తెలిసొచ్చింది. రైలు దిగి, పెట్టె పట్టుకుని, పిల్లనో పిల్లాణ్ణో వెంటబెట్టుకుని, "కాలేజీ ఎటు నడవాలి బాబూ" అని అడిగే తల్లిదండ్రులు ఏడాదికోసారి అడ్మిషన్ల రోజుల్లో వరసగా వచ్చేవాళ్ళు. వాళ్ళను నూజివీడు బస్సెక్కించడం నా ఉద్యోగంలో భాగమైపోయింది.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్ళింది, మేం కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాం. అంటే కృష్ణా జిల్లాలో ఉన్న స్టేషనుకు ఏలూరు జిల్లా ఊరి పేరన్నమాట. ఈ చిక్కు రైల్వేవాళ్ళకు లేదు, టీ కొట్టులో పేపరు చదివే మాకుంది. మాకొచ్చే జిల్లా పేజీల్లో మచిలీపట్నం కబుర్లు వస్తాయి. మా బంధువులు, మా తోటలు, మా కోర్టు వాయిదాలు ఉన్న నూజివీడు కబుర్లు పక్క జిల్లా పేజీల్లో పడతాయి. అందుకని టీ కొట్టాయన రెండు జిల్లాల పేపర్లూ తెప్పిస్తాడు. ఒక టీకి రెండు జిల్లాలు చదివే భాగ్యం ఇంకెవరికుంది చెప్పండి.

ఇక వ్యాపకం సంగతి. నేను పాత బస్సు టికెట్లు పోగేస్తాను.

నవ్వకండి. స్టాంపులు పోగేసేవాణ్ణి గౌరవంగా చూస్తారు, నాణేలు పోగేసేవాణ్ణి ఇంకా గౌరవంగా చూస్తారు. టికెట్లు పోగేస్తానంటే మా ఆవిడే మొదట నవ్వింది. ఆ టికెట్టు ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలియదు. పల్చటి కాగితం, ఒక్కో రేటుకు ఒక్కో రంగు. ఒకవైపు వరస నంబరు, అంచుల వెంట స్టేజీ నంబర్లు. ప్రయాణికుడు ఎక్కిన స్టేజీ దగ్గర పంచ్ కొట్టి ఇవ్వాలి. చేతిలో టికెట్ల ట్రే, భుజాన డబ్బు సంచి, చెవి మీద పెన్ను. స్టేజీ వచ్చిందంటే ఏ రేటు బ్లాకు ఏ నంబరు దగ్గర మూసిందో ఎస్సార్ అనే లెక్కల కాగితంలో రాసుకోవాలి. ఎస్సార్ పూర్తికాకుండా చెకింగ్‌వాళ్ళు ఎక్కారంటే కండక్టరు ముఖం చూడాలి. కుదుపుల రోడ్డు మీద, నిలబడ్డ జనం మధ్యలో, నడుము సీటు రాడ్డుకు ఆనించి అంకెలు రాసినవాళ్ళం. మా దస్తూరీని వెక్కిరించేవాళ్ళు ఆ బస్సులో ఓసారి నిలబడి రాసి చూడాలి.

టికెట్టు ముందు వైపు ఆర్టీసీది, వెనక వైపు ప్రయాణికుడిది. నా దగ్గరున్నవాటిలో నాకు ఇష్టమైనవన్నీ వెనక వైపు చూసి దాచుకున్నవే. చిల్లర లేనప్పుడు కండక్టరు రాసిచ్చిన బాకీ, ఎవరో చేసుకున్న కిరాణా లెక్క, మిషను ఆసుపత్రి వార్డు నంబరు, పెళ్ళిచూపుల ఇంటి గుర్తులు. చాలావరకు పాత పుస్తకాల్లో దొరికాయి. చదివిన చోటు గుర్తుకోసం టికెట్టు పెట్టుకునేవాళ్ళు అప్పుడు చాలామంది. టికెట్టును సన్నగా చుట్టి చెవిలో తిప్పుకునేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది, వాళ్ళవల్ల నాకు నష్టం జరిగింది.

ఈ వ్యాపకంతో కాస్త చరిత్ర కూడా అంటుకుంది. 1932లో నిజాం రాజ్యంలో రైల్వేశాఖ కింద ఇరవై ఏడు బస్సులతో, నూట అరవై ఆరుగురు ఉద్యోగులతో మొదలైన సంస్థ మా ఆర్టీసీ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. బస్సు నంబరులో కనబడే జెడ్ అక్షరం నిజాం తన తల్లి జహ్రా బేగం గుర్తుగా పెట్టించాడని మా పాతవాళ్ళు చెప్పుకునేవారు. 2020 జనవరి 1 నుంచి ఉద్యోగులందరూ ప్రభుత్వ ఉద్యోగులయ్యారు, ప్రజా రవాణా శాఖ అని పేరు వచ్చింది. బస్సెక్కే మనిషికి ఏ పేరు పెట్టినా అది ఆర్టీసీ బస్సే.

నంబరు ప్లేట్ల మీద కూడా నాకు ఓ కన్నుండేది. కంట్రోలరు గదిలోంచి రోడ్డు చూస్తూ, ఏపీ 16 అంటే మన కృష్ణా, 37 అంటే పశ్చిమ గోదావరి, 5 అంటే తూర్పు గోదావరి, 7 గుంటూరు, 31 విశాఖ అని లెక్క వేసేవాణ్ణి. సంక్రాంతి ముందు తూర్పువైపు పోయే కార్లన్నీ హైదరాబాదు నంబర్లు. వేసవిలో మా మామిడి కొట్ల ముందు అన్ని జిల్లాలూ ఆగేవి. 2019లో రాష్ట్రం మొత్తానికీ ఒకటే నంబరు, ఏపీ 39 అని తెచ్చారు. పోలీసులకు, రవాణా శాఖకు అందులో సుఖం ఉండే ఉంటుంది. నాకు మాత్రం రోడ్డు మీద వెళ్ళేవాడిది ఏ ఊరో తెలియకుండా పోయింది. ఇప్పుడు ఊరు తెలియాలంటే మనిషి బండి దిగి నోరు విప్పాలి. యాసలో ఇంకా పాత నంబర్లే ఉన్నాయి.

ఆ దిగడం గురించే అసలు చెప్పాలనుకున్నాను.

మా ఊరు పంటతో పెరిగిన ఊరు కాదు, కోటతోనో రేవుతోనో పెరిగిందీ కాదు. విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే రోడ్డూ, నూజివీడు నుంచి గుడివాడ దిగే రోడ్డూ ఒకదాన్నొకటి దాటే చోట, జనం బస్సు మారడానికి దిగితే వచ్చిన ఊరు. దిగినవాడికి టీ కావాలి, ఎదురుచూసేవాడికి మిరపకాయ బజ్జీ కావాలి, ఊరికి వట్టి చేతులతో వెళ్ళలేనివాడికి అరటిపళ్ళు కావాలి. చెప్పులు తెగినవాడు, గొడుగు మరిచినవాడు, ఫోను ఛార్జింగు అయిపోయినవాడు, వీళ్ళందరి అవసరాలూ కలిసి బజారయ్యాయి. ఆగేవాళ్ళు ఉన్నంతసేపే మా బజారు.

అలాంటి ఊరికి బైపాస్ వచ్చింది. ఆరు వరుసల రోడ్డు వేస్తూ ఊరు పక్కనుంచి తప్పించారు. అది వచ్చినందుకు నేను ఏడవను, ఆ మాట ముందే చెబుతున్నాను. కూడలిలో లారీల మధ్య రోడ్డు దాటడానికి ముసలమ్మలు చెయ్యి పట్టుకునే మనిషికోసం నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆంబులెన్సు గుడి దగ్గర ఇరుక్కుని కూత పెడుతుంటే ఏమీ చేయలేక చూసిన రోజులూ గుర్తున్నాయి. ఇప్పుడు పిల్లలు సైకిళ్ళ మీద కూడలి దాటుతున్నారు. అది లాభం. నష్టం ఎవరిదంటే, కారు ఆగితేనే సరుకు అమ్ముడుపోయేవాళ్ళది. కొబ్బరిబోండాలవాడు, హోటలువాడు, వాళ్ళందరికంటే ముందు మామిడి కొట్టువాడు.

మామిడి అనగానే నాలోని కంట్రోలరు పక్కకు తప్పుకుని, నూజివీడు సీమవాడు ముందుకొస్తాడు. కాసేపు ఓపిక పట్టండి. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు రాయలసీమ ఊరిది, కాయ మా తోటల్లోనూ విరగకాస్తుంది. పేరొకచోట ఊరొకచోట ఉండటం మా స్టేషనుకే కాదు, మా కాయకీ ఉంది. బంగినపల్లి మంచి ప్రయాణికుడు. తోలు గట్టి, కండ గట్టి, పెట్టెలో సర్దితే ఢిల్లీ దాకా చెక్కుచెదరకుండా వెళుతుంది. చిన్నరసం అలా కాదు. పల్చటి తోలు, లోపలంతా రసం, మగ్గిందంటే రేపటిదాకా ఆగదు. చేత్తో పిసికి, తొడిమ దగ్గర కొరికి, మొదటి చుక్క సొన పిండేసి పీల్చుకోవాల్సిన పండు. దాన్ని కోసి ప్లేటులో పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి. పెద్దరసం, చెరుకురసం, కొత్తపల్లి కొబ్బరి, ఇవన్నీ మా దగ్గర ఒక్కో ఇంటికి ఒక్కో పట్టుదల. ఏది గొప్పదనే వాదన మీద వియ్యంకులు మాట్లాడుకోవడం మానేసిన ఇళ్ళున్నాయి. నా తీర్పు చిన్నరసానికే.

అది దూరం పోదు కాబట్టి తినేవాడే రావాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోడ్డు పక్కన టార్పాలిన్ వేసుకుని, వరిగడ్డిలో మగ్గబెట్టిన పళ్ళు బుట్టల్లో పేర్చుకుని కూర్చునేవాళ్ళకు ఆధారం ఆగే బండ్లే. ఇప్పుడు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో బైపాస్ మీద పోయేవాడికి బంగినపల్లి పసుపూ, గడ్డి పసుపూ ఒకటే. కొట్టు మార్చుకోగలిగినవాళ్ళు సర్వీసు రోడ్డు మొదట్లోకి వెళ్ళారు. మార్చుకోలేనివాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకుంటున్నారు. బస్సులో వచ్చి, సంచి ఒడిలో పెట్టుకుని, బేరమాడి, అరడజను కొనే మనిషే వాళ్ళకు మిగిలిన ఖాతాదారు.

2025 ఆగస్టు 15న ఈ దేశంలో రెండు టికెట్లు మారాయి. ఒకటి మన రాష్ట్రంలో. స్త్రీ శక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు, ట్రాన్స్‌జెండర్లకు రాష్ట్రమంతటా ఉచిత ప్రయాణం. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో మొదలైనదే, కాస్త ఆలస్యంగా మన దగ్గరికి వచ్చింది. రెండోది దేశమంతటా. సొంత కార్లకు ఫాస్టాగ్ వార్షిక పాసు వచ్చింది. అప్పట్లో మూడు వేల రూపాయలు కడితే జాతీయ రహదారుల మీద ఏడాదిపాటు, లేదా రెండు వందల సార్లు, టోల్‌గేటు దాటవచ్చన్నారు. లెక్క వేస్తే గేటుకు పదిహేను రూపాయలు పడింది. మాకు అటు కలపర్రు, ఇటు పొట్టిపాడు టోల్‌గేట్లు ఉన్నాయి కాబట్టి ఈ లెక్క మా దగ్గర అందరికీ నోటికి వచ్చు.

ఆ మర్నాడు టీ కొట్టులో జరిగిన చర్చ విన్నాను. ఆర్టీసీ మునిగిపోతుందన్నారు. పన్ను కట్టేవాడి డబ్బు అన్నారు. ఆడవాళ్ళు పనీపాటా లేకుండా తిరుగుతారన్నాడు ఒకాయన, ఆయన రోజూ పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ బల్ల మీదే కూర్చుంటాడు. అందులో కారున్నవాళ్ళు నలుగురైదుగురు అప్పటికే ఫోనులో వార్షిక పాసు కట్టేసుకుని, ఎంత మిగిలిందో ఒకరికొకరు చెప్పుకున్నారు. అదీ రాయితీయే కదా అని నేనంటే, "అది వేరండీ, మేం డబ్బు కడుతున్నాం" అన్నారు. నిజమే, కడుతున్నారు. పల్లెవెలుగులో ఎక్కే ఆవిడ కూడా ఉప్పు దగ్గర్నుంచి సబ్బు దాకా కొన్నప్పుడల్లా ఏదో ఒకటి కడుతూనే ఉంది, ఆవిడకు ఎవరూ రసీదు ఇవ్వలేదు, అంతే తేడా.

రూపాయల సంగతి అర్థశాస్త్రం చదివినవాళ్ళు చూసుకుంటారు. నాకు తెలిసింది ఎక్కే దిగే లెక్క. వార్షిక పాసున్న కారు మా ఊరి పక్కనుంచి పోతుంది, ఆగదు. ఉచిత టికెట్టున్న ఆవిడ మా ఊళ్ళో దిగుతుంది.

దిగుతున్నది ఎవరో చూడాలని, రిటైరయినా అలవాటు పోక, బస్టాండు బల్ల మీద వెళ్ళి కూర్చుంటున్నాను. పొద్దున్నే తోటల్లో కాయల గ్రేడింగుకు వెళ్ళే ఆడవాళ్ళున్నారు. ఇంతకుముందు మేస్త్రీ పంపిన ఆటోలో పదిమంది కుక్కుకుని వెళ్ళేవాళ్ళు, ఆటో ఛార్జీ కూలిలోనే కోసేవాడు. ఇప్పుడు బస్సులో వెళుతున్నారు, అందుకని ఏ తోటలో కూలి ఎక్కువైతే ఆ తోటకు వెళ్ళగలుగుతున్నారు. ఆరుగొలను వైపునుంచి వచ్చే ఒక పెద్దావిడ ఉంది. గోంగూర, పచ్చిమిరపకాయలు గంపలో తెచ్చి కూడలిలో అమ్ముకుని మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది. రానుపోను ఛార్జీ మిగిలితే అదే తన లాభం అంటుంది. నూజివీడు ప్రభుత్వాసుపత్రికి బీపీ మాత్రలకోసం వెళ్ళేవాళ్ళున్నారు. ఇదివరకు నెల మాత్రలు అయిపోతే ఛార్జీలు చూసుకుని వారం గడిపేవాళ్ళట. ఇంకొక అత్తాకోడళ్ళ జంట, ఎక్కడికమ్మా అంటే "ఏలూరు చూసొద్దామని" అంది అత్తగారు. పని ఏమీ లేదు, ఊరికే చూసొస్తారట. టీ కొట్టులో చెబితే అదిగో చూశారా అంటారని చెప్పలేదు. మగవాడు ఊరికే ఏలూరు వెళ్ళొస్తే దాన్ని మనం ఎన్నడూ అడగలేదు.

బాధలు లేవని చెప్పను. బస్సులు నిండిపోతున్నాయి. ఎక్కేవాళ్ళు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. సాయంత్రం కాలేజీ పిల్లలు, పాసులున్నవాళ్ళు, ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. డబ్బిచ్చి టికెట్టు కొన్న మగవాడు నిలబడి, ఉచితంగా ఎక్కినావిడ కూర్చుంటే అతని కళ్ళల్లో వచ్చే చూపు నేను చూశాను. కండక్టరు పని రెట్టింపయింది. ప్రతి మనిషి దగ్గరా ఆధారో, ఓటరు కార్డో, రేషన్ కార్డో చూడాలి, రద్దీలో ఒక్కొక్కరికీ టికెట్టు కొట్టాలి. మా రోజుల్లో ఎస్సార్ రాసిన చెయ్యి ఇప్పటివాళ్ళ చేతిని చూసి సానుభూతి చూపిస్తోంది.

అందరికంటే ఎక్కువ దెబ్బ తగిలింది ఆటోవాళ్ళకు. మా కూడలిలో షేర్ ఆటోలు వరసగా నిలబడి "నూజివీడు, నూజివీడు" అని అరిచేవాళ్ళు, అందులో సగం గొంతులు తగ్గిపోయాయి. 2025 అక్టోబరు 4న ప్రభుత్వం ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ఏడాదికి పదిహేను వేలు ఇచ్చే పథకం తెచ్చింది. నెలకు పన్నెండు వందల యాభై. ఒక కుర్రాడు నాతో అన్నాడు, "బాబాయ్, అది నాకు ఫైనాన్సు కిస్తీలో మూలకు కూడా రాదు" అని. అతను చెప్పింది నిజం. అయితే అతనే ఇప్పుడు బస్సు వెళ్ళని లోపలి ఊళ్ళకు, బస్సు దిగిన ఆడవాళ్ళనే తీసుకెళుతున్నాడు. రేమల్లె, కానుమోలు, తిప్పనగుంట, ఇలా మండలంలో ఊళ్ళు చాలా ఉన్నాయి, ఊరూరికీ గంట గంటకూ బస్సు ఎన్నటికీ రాదు. బస్సు వచ్చే వేళకు ఆటో కూడలిలో ఉంటే ఇద్దరికీ బతుకు. ఆ వేళలు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. కంట్రోలరు పనే అది, నా చేతిలో ఉంటే ఈపాటికి చేసి ఉండేవాణ్ణి అనిపిస్తుంది. రిటైరైనవాళ్ళందరికీ అలాగే అనిపిస్తుందిలెండి.

ఇంకో విడ్డూరం చెప్పాలి. బస్సులకోసం ఎదురుచూసే మా మండలంలోనే ఇప్పుడు బస్సులు తయారవుతున్నాయి. మల్లవల్లి పారిశ్రామికవాడలో అశోక్ లేలాండ్ వాళ్ళు డెబ్బై ఐదు ఎకరాల్లో కర్మాగారం కట్టారు. 2018లో శంకుస్థాపన జరిగితే, 2025 మార్చి 19న మంత్రి నారా లోకేశ్ ప్రారంభించారు. పూర్తి స్థాయికి చేరితే ఏడాదికి నాలుగు వేల ఎనిమిది వందల బస్సులు బయటికి వస్తాయంటున్నారు. లేలాండ్ ఇంజను చప్పుడుతో నా ఉద్యోగమంతా గడిచింది. దాని మూలుగు వినే గేరు ఏదో చెప్పగలను. అలాంటి బస్సు మా మామిడి తోటల పక్కన పుడుతుందని ఎవరైనా నా ఉద్యోగం రోజుల్లో చెప్పి ఉంటే పంచ్ విసిరి కొట్టేవాణ్ణి. ఆ కర్మాగారానికి షిఫ్టుకు వెళ్ళే పిల్లలు జంక్షన్‌లోనే దిగి మారుతున్నారు. వాళ్ళలో ఆడపిల్లలను చూస్తే నాకు సంతోషం. ఛార్జీలకు పోగా ఏం మిగులుతుందని ఇంట్లో పెద్దలు వేసే ప్రశ్నకు వాళ్ళ దగ్గర ఇప్పుడు జవాబుంది.

రైలు సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. 2023 సంక్రాంతికి సికింద్రాబాదు నుంచి విశాఖకు వందే భారత్ మొదలైంది. ఏలూరులో ఆగకపోతే అక్కడివాళ్ళు అడిగారు, 2024లో ఆగడం మొదలుపెట్టింది. మా స్టేషను మీదుగానే పోతుంది. ప్లాట్‌ఫారం మీద నిలబడితే ముఖాన గాలి కొడుతుంది, తెల్లగా ఏదో వెళ్ళినట్టుంటుంది. దాన్ని ఆపమని నేను అడగను. రెండు స్టేషన్లకోసారి ఆగితే అది వందే భారత్ ఎందుకవుతుంది. పాసింజరు బండ్లను వేళకు నడిపితే మాకు చాలు.

మళ్ళీ నా టికెట్ల దగ్గరికి వస్తాను. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు వచ్చాక నా వ్యాపకం దాదాపు ఆగిపోయింది. మిషను కాగితం వేడి తగిలితే నల్లబడుతుంది, నాలుగు నెలలు పోతే అక్షరాలే మాసిపోతాయి. దాంట్లో రంగు లేదు, పంచ్ లేదు. ఇక పోగేయడం మానేద్దామనుకుంటుండగా ఈ సున్నా రూపాయల టికెట్టు వచ్చింది. మా మనవరాలు నూజివీడు వెళ్ళొచ్చి నా చేతిలో పెట్టింది. ఎక్కడ ఎక్కిందో, ఎక్కడ దిగిందో, మామూలుగా అయితే ఎంత అయ్యేదో, ఇప్పుడు కట్టింది సున్నా అనీ దానిమీద ఉంది. జెరాక్సు తీయించి ఆల్బంలో అతికించాను.

ఆ సున్నాను చూసి చాలామంది ఆడవాళ్ళు ఆ టికెట్టును లెక్కచేయడం లేదు. డబ్బు ఇవ్వలేదు కదా, కాగితం ఎందుకు అంటారు. రద్దీలో కండక్టరు దాకా చెయ్యి చాచడానికి మొహమాటపడతారు. దగ్గరి స్టేజీలో దిగిపోయేవాళ్ళు అసలు అడగనే అడగరు. అమ్మా, అక్కా, దయచేసి ఒక్క మాట వినండి. ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాల్సిన డబ్బు తేలేది ఆ సున్నా టికెట్ల లెక్క మీదే. ఫలానా రూటులో ఎంతమంది ఎక్కుతున్నారో డిపోలో తెలిసేదీ వాటివల్లే. బస్సు కిక్కిరిసి వెళ్ళినా మిషనులో ఇరవై మందే కనబడితే, ఆ సర్వీసు ఖాళీగా తిరుగుతోందని కాగితం చెబుతుంది. ఖాళీగా తిరిగే సర్వీసును ఎన్నాళ్ళు నడుపుతారో నేను కుర్చీలో కూర్చుని చూసినవాణ్ణి. ముందు రాత్రి ట్రిప్పు పోతుంది, తరవాత మధ్యాహ్నం ట్రిప్పు, ఆ తరవాత ఊరివాళ్ళు డిపో మేనేజరుకు అర్జీ పట్టుకుని తిరుగుతారు. మీరు ఎక్కినట్టు రుజువు ఆ ముక్క కాగితమే. అందుకని బస్సెక్కగానే గుర్తింపు కార్డు తీసి చేతిలో పెట్టుకోండి. కండక్టరు మీదాకా రాలేకపోతే మీరే పిలవండి, పక్కావిడకు కూడా చెప్పండి. పక్క స్టేజీకే అయినా సరే, టికెట్టు కొట్టించుకోకుండా మాత్రం బస్సు దిగకండి.